బూట్ కాకపోతే ఇన్‌స్టాల్ బటన్ జోలికి పోకండి

మొన్న ఆదివారం ఉబుంటు (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌డేట్ అవుతుండగా మా పిన్ని కొడుకు ఇంట్లో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి అదీ టప్పున ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘కెర్నల్ పానిక్’, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ముందుకెళ్లలేక ఆగిపోయిందని. అది చూసి వీడూ పానిక్ అయ్యాడు. పెన్‌డ్రైవ్ పెట్టి, ‘ఎరేజ్ డిస్క్’ (డిస్క్ మొత్తం తుడిచేయడం) ఎంచుకుని, మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసేశాడు. నాకు ఫోన్ చేసింది ఆ తర్వాత. "అన్నయ్యా, డి డ్రైవ్ కనిపించట్లేదు." వాళ్ల అక్క పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

అసలు వచ్చిన జబ్బు చాలా చిన్నది. కొత్త కెర్నల్ దిగింది గానీ, దాంతోపాటు తయారవ్వాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు సగంలో ఆగిపోయింది. అది లేకపోతే కెర్నల్‌కు రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లుండే డిస్క్ భాగం) దొరకదు. పాత కెర్నల్ మాత్రం పక్కనే భేషుగ్గా ఉంది. ఆన్ చేయగానే ఏ సిస్టమ్, ఏ కెర్నల్ అని ఎంచుకునే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత నంబరు ఎంచుకుంటే లోపలికి వెళ్లిపోయేవాడు. అక్కడ టెర్మినల్‌లో ‘sudo dpkg --configure -a’ కొడితే ఆగిన పని పూర్తయ్యేది. టీ చల్లారేలోపు అయిపోయే పని.

బూట్ కానంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. ఇన్‌స్టాల్ నొక్కితేనే పోతాయి. ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్ చేసేటప్పుడే పాత బ్లాకులను ఖాళీ చేసేస్తుంది కాబట్టి రికవరీ మీద ఆశ పెట్టుకోకండి.

అప్‌డేట్‌కు ముందు

బూట్ పార్టిషన్ (కెర్నల్ ఫైళ్లుండే భాగం) విడిగా ఉంటే అందులో ఖాళీ ఎంతుందో చూడండి. అది నిండినా ఇదే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ గొడవ వస్తుంది. పనిచేస్తున్న పాత కెర్నల్ ఒకటి ఉంచుకోండి. లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిపేది) ఇప్పుడే చేసి పెట్టుకోండి, పాడయ్యాక ఎవరి కంప్యూటర్ కోసం వెతుకుతారు? పక్కన విండోస్ ఉంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్‌ సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే తనిఖీ) మార్చగానే విండోస్ అదే అడుగుతుంది. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని డ్యూయల్ బూట్ మిషన్లు (విండోస్, లైనక్స్ రెండూ ఉన్నవి) ‘ఎస్‌బ్యాట్’ (పాత బూట్ ఫైళ్లను అడ్డుకునే తనిఖీ) ఎర్రర్ చూపించి ఆగిపోయాయి. సెక్యూర్ బూట్ ఆపితే లైనక్స్ లేచింది. కీ దగ్గర లేనివాళ్లకు అప్పుడు విండోస్‌తో మొదలైంది టెన్షన్.

బూట్ కానప్పుడు

- ముందు తెర మీద ఉన్నది ఫోన్‌తో ఫొటో తీయండి.
- ఉబుంటు ఒక్కటే ఉంటే గ్రబ్ మెనూ కోసం ఎస్కేప్ నొక్కాలి. ఒక్కసారే. దడదడలాడిస్తే ఉత్త గ్రబ్ ప్రాంప్ట్ (కమాండ్ అడిగే ఖాళీ తెర) వస్తుంది, దాన్ని చూసి ఇంకా ఏదో పాడైందనుకుంటారు.
- పాత కెర్నల్‌తోనూ రాకపోతే లైవ్ పెన్‌డ్రైవ్. అందులో ‘ట్రై ఉబుంటు’. ఇన్‌స్టాల్ కాదు.
- హోమ్ ఫోల్డర్ బయటి డిస్క్‌లోకి కాపీ అయ్యాకే రిపేరు.
- ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిందా? ఈమధ్య ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఫైలు) ఏం కెలికారో గుర్తు తెచ్చుకోండి. కొత్త డిస్క్ లైనులో ‘నోఫెయిల్’ లేకపోతే ఆ డిస్క్ పీకేసిన రోజు మిషన్ అక్కడే ఆగుతుంది.
- మౌంట్ అయి (వాడకంలో) ఉన్న పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్ తప్పులు సరిచేసే కమాండ్) నడపొద్దు.
- ఈఎఫ్‌ఐ పార్టిషన్ (అన్ని సిస్టమ్‌ల బూట్ ఫైళ్లుండే భాగం) ఫార్మాట్ చేయొద్దు. విండోస్ కూడా లేవదు.
- డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే ఏ రిపేరూ వద్దు, కాపీ ఒక్కటే.
- అర్థం కాని కమాండ్ కొట్టొద్దు.
- రాత్రి పన్నెండింటికి, పొద్దున ప్రాజెక్టు సబ్మిషన్ పెట్టుకుని అస్సలు ముట్టుకోవద్దు.
- ఇన్‌స్టాల్ నొక్కొద్దు. కాపీ చేసిన ఫొటోలు నాలుగైనా తెరిచి చూసుకునేదాకా నొక్కొద్దు.