గుంపులో సైకిల్, మూడో పాఠం: మీ ముందు చక్రం ఎక్కడుంది?

ఒంటరిగా వెళ్లి కొత్త గుంపులో ఎలా కలవాలో ఈసారి చెప్తానన్నాను. చెప్తాను గానీ, ముందు రెండో పాఠం బాకీ తీర్చాలి. "ముందు సైకిల్‌కి అడుగు దూరం ఉంచండి" అని అందులో రాశాను. అది ఏళ్ల తరబడి కలిసి తొక్కేవాళ్ల కొలత, కొత్తవాళ్లకి చెప్పాల్సింది కాదు. దాన్ని నమ్మి ఆదివారం రైడ్‌కి వెళ్లినవాళ్లు ఒకేలా దెబ్బతిన్నారు. రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందాయన వేగం తగ్గించాడు, వీళ్ల ముందు చక్రం ఆయన వెనక చక్రం పక్కకి దూరిపోయింది. తప్పు నా కొలతది.

మార్చుకోండి. మొదటి మూడు నాలుగు రైడ్‌లకీ ఒక సైకిల్ పొడవు, అంటే సుమారు ఐదున్నర అడుగులు వదలండి. ఆ దూరంలో కూడా ఎదురుగాలి బాగానే తగ్గుతుంది. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. ప్రమాదం చూసి బ్రేకు పట్టేలోగా ముప్పావు సెకను పోయిందనుకోండి, నాలుగు మీటర్లు దొర్లిపోయారు. లెక్క ప్రకారం సైకిల్ పొడవు కూడా చాలదు. ముందాయన గోడకి గుద్దుకున్నట్టు ఆగడు కాబట్టి సరిపోతోంది. మిగతాది మీ కళ్లు చూసుకోవాలి. ఆయన టైరు వంక చూడొద్దు, ఆయన భుజం మీదుగా ఇంకో ఇద్దరి అవతలకి చూడండి. చెవులు కూడా పనికొస్తాయి. ముందాయన తొక్కడం ఆపగానే ఆయన వెనక చక్రంలోని ఫ్రీవీల్ టిక్ టిక్ టిక్‌మంటుంది. బ్రేకు కంటే ముందొచ్చే హెచ్చరిక అదే. ఇయర్‌ఫోన్లు పెట్టుకొచ్చేవాళ్లంటే నాకు పడనిది ఇందుకే.

ఇప్పుడు అసలు రోగం. దూరం తక్కువైతే కంగారు పడొచ్చు గానీ, చక్రం పక్కన చక్రం పెడితే పడతారు. మీ ముందు టైరు నాలుగు అంగుళాలైనా ఆయన వెనక టైరు పక్కకి వచ్చిందంటే, మీరు నిలబడ్డం ఇక మీ చేతుల్లో లేదు. ఆయన గుంట తప్పించడానికి జానెడు జరిగితే చాలు.

తగిలితే ఇద్దరూ పడాలి కదా, వెనకాయన ఒక్కడే ఎందుకు పడతాడు? సైకిల్ ఒరిగిన వైపుకి హ్యాండిల్ కొద్దిగా తిరుగుతూ ఉంటేనే నిలబడుతుంది. మనకి తెలియకుండానే క్షణక్షణం ఆ పని చేస్తూ ఉంటాం. ముందాయనకి తగిలింది వెనక చక్రం. దానికి హ్యాండిల్‌తో పాటు పక్కకి తిరిగే పని లేదు, టైరు రాసుకున్న చప్పుడు విని వెనక్కి చూస్తాడంతే. మీకు తగిలింది ముందు చక్రం. మీరు ఆయనకి ఎడం పక్కన ఉన్నారనుకోండి. భయంతో హ్యాండిల్ ఎడమకి తిప్పుతారు. సైకిల్‌ని హఠాత్తుగా ఎడమకి తిప్పితే ఒళ్లు కుడికి ఒరుగుతుంది. ఆ ఒరుగుని ఆపడానికి చక్రం కుడికి తిరగాలి, అక్కడ ఆయన టైరు అడ్డం. ఇంకేముంది, కుడివైపు, అంటే లారీలొచ్చే వైపు పడతారు.

తగిలాక చెయ్యాల్సింది మనసు చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకం. దూరంగా తిప్పొద్దు. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, తగిలిన వైపుకే కొద్దిగా ఆనించండి. తొక్కడం ఆపండి. వేగం దానంతట అది తగ్గి మీ చక్రం వెనక్కి జారి విడిపోతుంది. ముందు బ్రేకు మాత్రం బిగించొద్దు.

కావాలని ఎవరూ చక్రం పక్కన పెట్టరు. స్పీడ్ బ్రేకర్ సంగతి చెప్పాను. వంతెన ఎక్కుడు దగ్గర ముందాయన సీటు మీంచి లేచి తొక్కుతాడు, లేచే క్షణంలో సైకిల్ వెనక్కి లాగినట్టవుతుంది. కబుర్లు చెప్తూ పక్కపక్కన పోతారు, దారి ఇరుకైనప్పుడు ఒకరు వెనక్కి తగ్గుతారు గానీ పూర్తిగా తగ్గరు. ఆటో ఉన్నట్టుండి ఆగుతుంది. కళింగపట్నం దారిలో పక్కగాలి వీచినప్పుడు అలవాటున్నవాళ్లు గాలికి చాటు వెతుక్కుంటూ ఏటవాలు వరస కడతారు, మీరు అది చూసి అనుకరించొద్దు. సంక్రాంతికి అటూ ఇటూ సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. అక్కడ వరస మొత్తం ఒక్కసారి కుడికి జరుగుతుంది. తప్పక వడ్ల మీదుగా పోవాల్సొస్తే బ్రేకు, మలుపు రెండూ వద్దు, తిన్నగా దాటండి. ట్రాక్టర్ల నుంచి రాలిన ఇసుకకీ ఇదే మందు.

ఇక ఒంటరిగా వెళ్లడం. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పోనూ రానూ 60 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. మొదటిసారే అంత వద్దనుకుంటే శ్రీకూర్మం రైడ్ కోసం ఆగండి, సగంలో అయిపోతుంది. విజయనగరం వాళ్లకి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం ఉంది, అదీ చిన్నదే.

ముందురోజు రైడ్ నడిపించే ఆయనకి ఒక మెసేజ్ పెట్టండి. "అన్నా, రేపు ఒక్కణ్ణే వస్తున్నాను, గుంపులో ఇదే మొదటిసారి. సగటు వేగం ఎంత? ఆగిన టైమ్ కలిపా, కలపకుండానా? చివర స్వీప్ ఎవరు?" స్వీప్ అంటే ఎవరు వెనకబడినా వాళ్ల వెనకే వచ్చే మనిషి. స్వీప్ లేడంటే మొదటిసారికి ఆ రైడ్ వద్దు. అమ్మాయిలు ఇంకెవరు వస్తున్నారో కూడా అడగొచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు.

సగటు మాటకి మోసపోకండి. సగటు 20 రావాలంటే ఖాళీ రోడ్డు మీద 23, 24 తొక్కాలి, ఊళ్లలో పోయేది అక్కడ పూడాలి. మీరు ఒక్కరే 25 కిలోమీటర్లు సగటు 18తో తొక్కగలిగితే 20 గుంపులో నిలబడతారు, గాలి కాచేవాళ్లుంటారు కాబట్టి. 16 దగ్గరే ఆయాసమొస్తే ఇంకో నెల ఆగండి.

హెల్మెట్, నీళ్ల గురించి మళ్లీ చెప్పను. మీ చక్రం కొలత ట్యూబు మాత్రం మీ దగ్గరే ఉండాలి. పంపు అరువు దొరుకుతుంది, ట్యూబు దొరకదు. వెనక ఎర్ర లైటు మిణుకు మిణుకు మోడ్‌లో పెట్టకండి, చీకట్లో మీ వెనకాయనకి కళ్లు బైర్లు కమ్ముతాయి. నిలకడగా వెలిగేలా పెట్టండి. తినడానికి కొనుక్కున్న బార్ల కంటే రెండు అరటిపళ్లు, గుప్పెడు పలాస జీడిపప్పు నయం. సముద్రం దగ్గర ఉప్మా పెసరట్టు పట్టిస్తే తిరుగు దారిలో అదే బరువు. వర్షాకాలంలో నైరుతి గాలి కూడా తిరుగు దారిలోనే ఎదురవుతుంది, దమ్ము సగం అట్టేపెట్టుకోండి.

పావుగంట ముందే చేరి, స్వీప్‌ని వెతికి పేరు చెప్పండి. వరసలో చివరి నుంచి మూడో స్థానం మీది. అట్టడుగున ఉంటే గుంపు సాగినప్పుడల్లా పరిగెత్తాలి, మధ్యలో ఉంటే మీ తప్పు పదిమందికి తగులుతుంది. "గుంట", "ఇసుక", "ఆగుతున్నాం" అని ముందు నుంచి వచ్చిన మాటని వెనక్కి అందించండి. చెయ్యి తీసి చూపించడం అలవాటయ్యేదాకా నోటితో చాలు. మన సైకిళ్లలో ఎక్కువ వాటికి కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఎడమ చెయ్యి చూపిస్తూ కంగారులో కుడిచేత్తో బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అలిసిపోతే చెప్పకుండా ఆగిపోకూడదు. చెయ్యెత్తి, ఎడమకి జరిగి, స్వీప్‌కి చెప్పి ఆగాలి.

సాధన కష్టంగానే ఉంటుంది. రోడ్డు అంచున తెల్లగీత మీద 200 మీటర్లు, గీత దాటకుండా. తర్వాత అదే గీత మీద సీసా తీసి, నీళ్లు తాగి, మళ్లీ పెట్టాలి. ఆ తర్వాత కుడి భుజం మీదుగా వెనక్కి చూసి, వెనకొచ్చే బండి రంగు చెప్పగలగాలి. మూడూ వరసగా పదిసార్లు, మధ్యలో గీత తప్పితే మళ్లీ ఒకటి నుంచి. ఖాళీ దారిలో, తెల్లారాక చెయ్యండి. ఇంట్లో తమ్ముణ్ణో, పక్కింటి కుర్రాణ్ణో బతిమాలి కాలేజీ గ్రౌండ్‌లో గడ్డి ఉన్న చోటికి తీసుకెళ్లండి. నడక వేగంతో అతని వెనక టైరుకి మీ ముందు టైరు కావాలని రాయించి, ఆనించి, విడిపించుకోవాలి. ఎడం పక్క ఇరవై సార్లు, కుడి పక్క ఇరవై సార్లు. పాత ప్యాంటు వేసుకెళ్లండి.

నాలుగో పాఠం పంక్చరు. ట్యూబు కొనే ముందు మీ వాల్వు లావుదో సన్నదో చూసి వెళ్లండి.