సీసపు గుండును దూరంగా విసరడం ఎలా: రాడ్, దారం, గాలి వెనక ఉన్న భౌతికశాస్త్రం

గాలం దూరంగా పడాలంటే భుజబలం ఉండాలన్న మాట సగమే నిజం. దారం వేలి నుంచి జారిన క్షణంలో, గాలపు దారానికి బరువుగా కట్టిన సీసపు గుండుకు ఎంత వేగం ఉంటుందో అదే దాని మొత్తం పెట్టుబడి. ఆ తరవాత దానికి కొత్తగా శక్తినిచ్చేది ఏదీ ఉండదు; గురుత్వాకర్షణ, గాలి నిరోధం, వెంట ఈడ్చుకుపోవలసిన దారం మాత్రం ఉన్నదాన్ని తరుగుతూ పోతాయి. కాబట్టి దారం వదిలేలోగా గుండుకు వీలైనంత వేగం ఎక్కించాలి, వదిలాక ఆ వేగం వృథా కాకుండా చూడాలి.

గాలే లేదనుకుంటే, గుండు పడే దూరం దాని తొలివేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 45 డిగ్రీల కోణంలో సెకనుకు 30 మీటర్ల వేగంతో వదిలిన గుండు 92 మీటర్లు పోతే, 40 మీటర్ల వేగంతో వదిలినది 163 మీటర్లు పోతుంది. నిజమైన గాలిలో ఇంత దూరం రాదు కానీ, వేగంలో చిన్న పెరుగుదల దూరంలో పెద్దదిగా కనిపించడమన్నది అక్కడా నిజమే.

ఆ వేగాన్ని తెచ్చేది బలం ఒక్కటే కాదు, ఆ బలం పనిచేసే దారి పొడవు కూడా. 150 గ్రాముల గుండు సెకనుకు 40 మీటర్ల వేగం అందుకోవడానికి 120 జౌళ్ల గతిజశక్తి కావాలి. గుండును 4 మీటర్ల దారి పొడవునా లాగుతూ ఆ శక్తినిస్తే సగటున 30 న్యూటన్లు, అంటే సుమారు 3 కిలోల బరువును ఎత్తేంత బలం సరిపోతుంది. అదే పనిని 2 మీటర్లలో ముగించాలంటే దానికి రెట్టింపు కావాలి. అందుకే గుండును వీపు వెనక వీలైనంత దూరంలో ఉంచి, శరీర భారాన్ని వెనక కాలి మీద మోపి మొదలుపెట్టాలి. ముందుగా ఆ భారం ముందు కాలికి మారాలి, తరవాత నడుము, భుజాలు తిరగాలి, చేతులు చివరన మాత్రమే పనిలోకి రావాలి. ఆరంభంలోనే కుదుపుతో లాగితే రాడ్ ముందే వంగి ముందే నిటారవుతుంది. వేగం నిజంగా పెరగవలసిన ఆఖరి ఘట్టంలో నెట్టడానికి ఏమీ మిగలదు.

రాడ్ ఇక్కడ లీవరుగానూ స్ప్రింగుగానూ పనిచేస్తుంది. కింది చేయి రాడ్ అడుగున, పై చేయి దానికి 75 సెంటీమీటర్ల పైన, కొన 4 మీటర్ల దూరంలో ఉంటే, కొన పై చేతికన్నా ఐదు రెట్లకు పైగా వేగంగా కదులుతుంది. ఈ లాభం ఉచితంగా రాదు. కొన దగ్గర 30 న్యూటన్లు కావాలంటే పై చేయి దాదాపు 160 న్యూటన్లు పెట్టాలి, రాడ్ సొంత బరువును తిప్పడానికి అయ్యేది దానికి అదనం. కనుక పొడవైన రాడ్ కొన్నంత మాత్రాన దూరం దానంతటదే పెరుగుతుందని చెప్పలేం. చురుగ్గా తిప్పలేని పొడవు కన్నా, పూర్తి వేగంతో తిప్పగలిగే పొట్టి రాడ్ మేలు.

పై చేయి ముందుకు నెడుతున్నప్పుడే కింది చేయి రాడ్ అడుగును ఛాతీ వైపు బలంగా లాగాలి. చాలామంది కింది చేతిని కేవలం పట్టుకోవడానికే వాడి, రావలసిన దూరాన్ని అక్కడే పోగొట్టుకుంటారు. ఇక వంగిన రాడ్‌లో నిలవ ఉండే స్థితిస్థాపక శక్తి విసిరేవారి కండరాల నుంచి వచ్చినదే. రాడ్ దాన్ని పుట్టించదు, కాసేపు దాచి ఆఖర్న తిరిగి ఇస్తుంది. గుండు మరీ తేలికైతే రాడ్ వంగనే వంగదు, మరీ బరువైతే సకాలంలో నిటారు కాలేదు. రాడ్ మీద ముద్రించిన బరువుల పరిమితిని పాటించమనడానికి కారణం ఇదే.

తల మీదుగా విసిరే మామూలు పద్ధతిలో, కొన నుంచి గుండు వరకు వేలాడే దారం రాడ్ పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా ఉండవచ్చు. వదిలే క్షణాన్ని పట్టుకోవడమే అసలు కష్టం. గుండు 4 మీటర్ల వ్యాసార్థంలో సెకనుకు 40 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకుంటే, సెకనులో నూరో వంతుకే అది దాదాపు 6 డిగ్రీలు తిరిగిపోతుంది. ముందుగా వదిలితే గుండు ఆకాశానికి లేస్తుంది, ఆలస్యంగా వదిలితే ఎదురుగా నీళ్లలో పడుతుంది. ఆలోచించి వదిలేంత వ్యవధి ఉండదు. ముందుగానే చూపును నీటి మీద కాక ఎదుటి ఆకాశంలో ఒక చోట నిలిపి, ఒకే లయలో విసరడం అలవాటు చేసుకోవాలి. గాలి నిరోధం వల్ల 45 డిగ్రీలకన్నా కాస్త తక్కువ కోణమే, సుమారు 40 డిగ్రీలు, ఎక్కువ దూరాన్నిస్తుంది.

ఆ వృత్తంలో గుండును పట్టి ఉంచడానికే దారం మీద 60 న్యూటన్ల లాగుడు పడుతుంది, కుదుపు తోడైతే ఇంకా చాలా ఎక్కువ. సెకనుకు 40 మీటర్లంటే గంటకు 144 కిలోమీటర్లు. ఫాస్ట్ బౌలర్ బంతికి ఉండే వేగం, ఇంచుమించు అంతే బరువు, కాకపోతే ఇది సీసం. దారం తెగితే అది ఎటు పోతుందో చెప్పలేం. అందువల్ల ముఖ్య దారానికి ముందు మందమైన షాక్ లీడర్, అంటే విసిరే కుదుపును తట్టుకునే దారపు ముక్క, తప్పక కట్టాలి. ప్రతి 28 గ్రాముల గుండుకు 4.5 కిలోల తెగే బలం చొప్పున లెక్కించడం వాడుకలో ఉన్న పద్ధతి. 150 గ్రాములకు అది సుమారు 24 కిలోలవుతుంది. విసిరే ముందు లీడర్ స్పూల్ (రీల్‌లో దారం చుట్టి ఉండే కండె) మీద కనీసం ఐదారు చుట్లు ఉండాలి, వెనకా పక్కనా మనుషులెవరూ ఉండకూడదు.

గాలిలోకి వెళ్లాక అసలు శత్రువు గుండు కాదు, దారం. 150 గ్రాముల సీసపు గోళం వ్యాసం సుమారు 2.9 సెంటీమీటర్లు, సెకనుకు 40 మీటర్ల వేగంలో దాని మీద గాలి నిరోధం దాని బరువులో ఐదో వంతు మాత్రమే. 0.35 మిల్లీమీటర్ల దారం 100 మీటర్లు బయటికి వస్తే, దాన్ని పక్క నుంచి చూసినప్పుడు కనిపించే వైశాల్యం 350 చదరపు సెంటీమీటర్లు, అంటే ఆ గోళానికి యాభై రెట్లు. దారం చాలావరకు గుండు పోయే దిశలోనే పొడవుగా సాగిపోతుంది కాబట్టి ఆ వైశాల్యమంతా గాలికి అడ్డు పడదు, కానీ పక్కగాలి వీచి దారం విల్లులా వంగిందంటే ఆ భారం గుండు మీదే పడుతుంది. 0.30 మిల్లీమీటర్ల దారానికి మారితే తెగే బలం నాలుగో వంతుకు పైగా తగ్గినా, లీడర్ ఉన్నందున విసిరేటప్పుడు ఆ లోటు బాధించదు. ఎరను గుండు వెనకకు క్లిప్‌తో బిగించడం కూడా మేలు. వేలాడుతూ గిరగిర తిరిగే ఎర గుండుకన్నా ఎక్కువ గాలిని తింటుంది.

స్పిన్నింగ్ రీల్‌లో దారం స్పూల్ అంచు మీదుగా జారుతుంది. స్పూల్ మీద దారం మట్టం దిగేకొద్దీ అంచు దగ్గర ఘర్షణ పెరుగుతుంది కాబట్టి అంచుకు 2 మిల్లీమీటర్ల దిగువ వరకు దారం నింపాలి. మల్టిప్లయర్ రీల్‌లో స్పూలే తిరుగుతుంది. దారపు చుట్టు వ్యాసం 4 సెంటీమీటర్లయితే, సెకనుకు 40 మీటర్ల దారం పోవడానికి స్పూల్ నిమిషానికి దాదాపు 19,000 సార్లు తిరగాలి. గుండు నెమ్మదించాక కూడా స్పూల్ తన జడత్వం వల్ల అదే జోరులో తిరిగితే దారం చిక్కుల ముద్దవుతుంది. అయస్కాంత బ్రేకులు, అపకేంద్ర బ్రేకులు ఉన్నవి దీన్ని ఆపడానికే.

సెకనుకు 5 మీటర్ల ఎదురుగాలి ఉంటే, 40 మీటర్ల వేగంతో వెళ్లే గుండుకు గాలి 45 మీటర్ల వేగంతో తగిలినట్టు. నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది గనుక అది 27 శాతం ఎక్కువవుతుంది. అప్పుడు కోణాన్ని ఇంకా తగ్గించి, రాడ్ పరిమితిలోనే కాస్త బరువైన గుండును వాడాలి. గుండు త్వరగా నెమ్మదిస్తుంది కాబట్టి మల్టిప్లయర్ వాడేవారు బ్రేకును ఒక మెట్టు బిగించుకోవాలి.