జపాన్ పాత తూటాలను గుర్తించడం – 3వ పాఠం: అడుగున అక్షరాలు లేని తూటా

పోయిన పాఠంలో కాలిపర్‌తో కొలవడం నేర్చుకున్నాం. అది పక్కనే ఉంచుకోండి, ఈసారీ కావాలి.

బ్రిటిష్ తూటా చేతికొస్తే ముందు తిప్పి అడుగు చూస్తాం. తయారుచేసిన వాళ్ళ గుర్తు అక్కడే ఉంటుంది. జపాన్ సైన్యపు రైఫిల్ తూటాను అలా తిప్పితే చాలావరకు నున్నటి ఇత్తడే కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అది చూసి నకిలీ అనుకుంటారు. నిజానికి 6.5 మి.మీ. (తుపాకీ లోపలి రంధ్రం కొలత) తూటా అడుగున ఇంగ్లీషు అక్షరాలు ఉంటేనే ఆగి ఆలోచించాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ జపాన్ నుంచి అరిసాకా రైఫిళ్ళు కొని, వాటికి తూటాలు తనే చేసుకుంది. యుద్ధాలయ్యాక నోర్మా వంటి కంపెనీలు వేటగాళ్ళ కోసం ఇదే సైజులో చేశాయి. అవీ దాచుకోదగ్గవే కానీ, జపాన్ సైన్యానివి కావు.

అడుగు ఏమీ చెప్పనప్పుడు దాని చుట్టూ ఉండే అంచు చూడాలి. 7.7 మి.మీ. తూటాలు మూడు రకాలు. (‘టైప్’ అంటే జపాన్ వాళ్ళ మోడల్ పేరు, పక్కన అంకె సంవత్సరాన్ని బట్టి వస్తుంది; ఆ లెక్క చివర్లో చూద్దాం.) టైప్ 99ది అంచు బయటికి రాదు, ఇత్తడి గొట్టంతో సమానంగా ఉంటుంది. టైప్ 92ది కొద్దిగా బయటికి వస్తుంది. నౌకాదళానిది బాగా వెడల్పు, ఎందుకంటే అది బ్రిటిష్ .303 రైఫిల్ తూటాకి నకలు. మొదటి రెండింటి గొట్టం పొడవు దాదాపు 58 మి.మీ., నౌకాదళానిది దాదాపు 56.

తరవాత, సైన్యపు తూటాల్లో బుల్లెట్ గొట్టంలోకి దిగే చోట సన్నటి రంగు గీత వెతకండి. గులాబీ రంగైతే మామూలు తూటా, నలుపైతే కవచం చీల్చేది, ఆకుపచ్చైతే వెలుగు గీత వదిలే ట్రేసర్. దయచేసి పాలిష్ పెట్టకండి. తళతళలాడేలా రుద్దిన తూటా చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఆ రంగు పోతే తూటా రకం తెలిపే ఆధారం కూడా పోతుంది.

ఇక అసలు సంగతి, కాగితం పొట్లం. ఐదేసి తూటాల క్లిప్పులు మూడు, మొత్తం 15 ఉంటాయి. తూటా మీద లేనిదంతా ఈ పొట్లం మీద రాసి ఉంటుంది. తయారైన సంవత్సరం జపాన్ చక్రవర్తి పాలనా లెక్కలో వేసేవారు; మెయిజీ, తైషో, షోవా అనేవి వరసగా వచ్చిన ఆ పాలనా కాలాల పేర్లు. ఒకటి, రెండు, మూడు అంకెలు అన్నేసి అడ్డగీతలు. పది మన కూడిక గుర్తులా ఉంటుంది. కూడిక గుర్తు కింద మూడు అడ్డగీతలుంటే 13. షోవా కాలమైతే 1925 కలపండి: 1938. తైషో అయితే 1911, మెయిజీ అయితే 1867 కలపాలి.

పొట్లం మీద సున్నా చుట్టిన ఇంగ్లీషు ‘జీ’ అక్షరం కనిపిస్తే, అవి లైట్ మెషిన్‌గన్ కోసం మందు తగ్గించి నింపిన 6.5 తూటాలు. పొట్లం విప్పి కలిపేశారంటే, పైకి చూసి మామూలు వాటి నుంచి వేరు చేయలేం. అందుకే విడి తూటాలు ఎన్ని ఉన్నా, అక్షరాలు చెరగని, విప్పని పొట్లానికే నేను ఎక్కువ విలువ కడతాను. విడివాటిలో మొనదేలిన టైప్ 38 బుల్లెట్ కంటే, గుండ్రటి మొనతో ఉండే పాత టైప్ 30ది మేలు. పొట్లం కొనేటప్పుడు అతుకులు చూడండి. విప్పి మళ్ళీ అంటించిన జిగురు కొత్తగా కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పేలే తూటా ఒక్కటి దగ్గరున్నా నేరమే. 1944లో జపాన్ సైన్యంతో పోరు జరిగిన కోహిమా, ఇంఫాల్ వైపు వెళ్తే, నేలలో దొరికిన దేన్నీ ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. అక్కడి యుద్ధ మ్యూజియంలలో అద్దం వెనకున్నవి చూసి నేర్చుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు ముందు అక్కడి చట్టం కనుక్కోండి. మందు తీసే పని ఎక్కడున్నా సొంతంగా చేయకండి.

వచ్చే పాఠానికి అభ్యాసం. టైప్ 38 అంటే మెయిజీ 38, 1905. టైప్ 99 అంటే జపాన్ రాజవంశ శకం 2599లో చివరి రెండంకెలు. ఆ శకంలోంచి 660 తీసేస్తే 1939. ఇప్పుడు టైప్ 14 పిస్టల్, టైప్ 96 మెషిన్‌గన్ ఏ లెక్కలోవో, ఏ సంవత్సరానివో తేల్చండి. చిన్న సాయం: ఒకటి తైషో లెక్క.