కువైట్‌లో పనిచేసే విదేశీ అమ్మాయితో కడపలో పెళ్లి: కాగితాల సంగతి

కడప అబ్బాయి కువైట్‌లో నర్సుగా ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయిని చేసుకుంటే మూడు దేశాల చట్టాలు తగులుతాయి. ఆమె పౌరసత్వం ఒకచోట, పని వీసా ఇంకోచోట, పెళ్లి మన దగ్గర.

మతాలు వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం కిందే చేసుకోవడం మేలు. ఇద్దరిలో ఒకరైనా వివాహ అధికారికి పెళ్లి నోటీసు ఇచ్చే ముందు వరుసగా 30 రోజులు జిల్లాలో ఉండాలి. నోటీసు తర్వాత ఇంకో 30 రోజులు ఆగాలి. పెళ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలి. నెల సెలవు పెట్టుకుని వచ్చేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. మూడు నెలల్లో పెళ్లి కాకపోతే నోటీసు మురిగిపోతుంది, మళ్లీ మొదటికి. పెళ్లికి అడ్డు లేదన్న పత్రం అమ్మాయి తన దేశ ఎంబసీ నుంచి ముందే తెచ్చుకోవాలి.

ఎక్కువగా కొంప ముంచేది ఇంటిపేరు. ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పదో తరగతి మెమోలో ఇంకో స్పెల్లింగు ఉంటాయి. పెళ్లి సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. తర్వాత దిద్దించుకోవడం నరకం.

సర్టిఫికెట్‌కు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర పడాలి. ఫిలిప్పీన్స్‌కు అపోస్టిల్ (ఒప్పందంలో ఉన్న దేశాలు ఒప్పుకునే విదేశాంగ శాఖ ధ్రువీకరణ ముద్ర) చాలు. కువైట్‌కు మాత్రం ఆ దేశ ఎంబసీ ముద్ర కూడా వేయించాలి.

ఆమె ఇక్కడ స్థిరపడాలంటే, పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాకే ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులు మన దేశంలో ఎంతకాలమైనా ఉండనిచ్చే కార్డు) దరఖాస్తు చేయగలదు. అందుకే ఊరేగింపు, విందు ఎప్పుడు పెట్టుకున్నా రిజిస్ట్రేషన్ వాయిదా వేయకండి.