మార్పులు చేసిన పాత కారుకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి?

మా ఇంట్లో 1997 నాటి మారుతి 800 ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పాత ఓనరు సైలెన్సర్ మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టాడు, దానికి తగ్గట్టు కార్బరేటర్‌లో (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) పెద్ద జెట్లు, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాల ముక్కలు, వేయించాడు. మొదటిసారి పెట్రోల్ బంకులో పరీక్ష చేయిస్తే కార్బన్ మోనాక్సైడ్ 4.6 శాతం వచ్చింది. "పాత బండి సార్, అమ్మేయండి" అన్నారు. అమ్మలేదు. మూడు వారాల్లో అదే బండి పాసైంది.

ముందు ఆర్సీ తీసి బండి పక్కన నిలబడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, రంగు అందులో ఉన్నట్టే ఉన్నాయా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్ లాంటివి పెట్టించుకోవచ్చు, కానీ ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇంజిన్ మార్చాలనుకుంటే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి. పదిహేనేళ్లు దాటాక ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు అక్కడ బండినే చూస్తారు. పొల్యూషన్ కాగితం ఒక్కటే చూపిస్తే పని జరగదు.

తర్వాత మీ బండికి ఎంత పరిమితో తెలుసుకోండి. భారత్ స్టేజ్ అంటే కొత్త బండ్లకు ప్రభుత్వం దశలవారీగా పెట్టిన కాలుష్య ప్రమాణాలు. స్టేజ్-2 కంటే ముందు తయారైన పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో (బండి నిలిపి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలకుండా మిగిలిన పెట్రోల్) 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 వంతులు) దాటకూడదు. స్టేజ్-2, స్టేజ్-3 కార్లకు ఇవి 0.5 శాతం, 750 పీపీఎం. స్టేజ్-4 నుంచి ఇంకా కఠినం. అంటే పాత బండికి చట్టం చాలానే వెసులుబాటు ఇచ్చింది. అయినా ఫెయిలైతే, తప్పు బండి వయసుది కాదు, ట్యూనింగ్‌దే అనుకోండి.

ఇక అసలు పని షెడ్డులో. స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. మొన కాటుకలా పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోందని అర్థం. లేత గోధుమ రంగులో ఉండాలి. మా బండి ప్లగ్గులు నాలుగు వేళ్లకూ మసి అంటించాయి. ఓపెన్ ఫిల్టర్ తీసేసి అసలు డబ్బా, అసలు సైజు జెట్లు పెట్టించాం. మెకానిక్ మిక్స్చర్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, ఇంజిన్ చప్పుడు చెవితో వింటూ సర్దాడు. చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేందుకు గాలిని తగ్గించే మూత) పూర్తిగా తెరుచుకుంటోందో లేదో కూడా చూడమనండి, చాలామంది దీన్ని మరిచిపోతారు. హైడ్రోకార్బన్లు మాత్రమే ఎక్కువ వస్తే మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం) అనుమానించండి: ప్లగ్గులు, వైర్లు, టైమింగ్ చూడమనండి.

సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లటి మరక కనిపిస్తే అక్కడ లీకు ఉన్నట్టే. లీకు ఉంటే రీడింగ్ సరిగా రాదు. క్యాటలిటిక్ కన్వర్టర్‌తో (పొగలోని విషవాయువుల్ని తగ్గించే, క్యాటలిస్ట్ ఉన్న డబ్బా) వచ్చిన బండైతే, సౌండ్ కోసం దాన్ని తీసేయించకండి. తీసేసి ఉంటే తిరిగి పెట్టించండి. అది లేకుండా కొత్త పరిమితుల్లో ఇమడడం చాలా కష్టం, పైగా ఆ పొగ పీల్చేది మన వీధిలో పిల్లలే.

పరీక్షకు చల్లటి ఇంజిన్‌తో వెళ్లకండి. ఇరవై నిమిషాలు నడిపి, వేడి మీదే సైలెన్సర్ పైపులో ప్రోబ్ (పొగను కొలిచే గొట్టం) పెట్టించండి. క్యాటలిస్ట్ పనిచేయాలంటే వేడెక్కాలి. రీడింగ్ మీ కళ్లతో చూడండి. బండి పెట్టకుండానే కాగితం ఇస్తామంటే వద్దనండి.

సర్టిఫికెట్ స్టేజ్-4కు ముందు బండ్లకు ఆరు నెలలు, ఆ తర్వాతవాటికి ఏడాది చెల్లుతుంది. కాలుష్య పరిమితులు దాటితే సెక్షన్ 190(2) కింద పది వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. మా 800కి ఆ రోజు 1.9 శాతం వచ్చింది. గడువు తేదీ ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకున్నాను.