వాషర్ డ్రయర్‌లో నీరు వేడెక్కకపోతే లోపాన్ని కనిపెట్టే పద్ధతి

బట్టలు ఆరబెట్టే దశలో వేడిగాలి చక్కగా వస్తున్నా, ఉతికే దశలో నీరు చల్లగానే ఉండిపోవడంలో వింతేమీ లేదు. ఈ యంత్రాల్లో సాధారణంగా హీటర్లు రెండు ఉంటాయి; నీటిని కాచేది తొట్టి అడుగున, గాలిని వేడిచేసేది పైభాగంలోని గాలి గొట్టంలో అమర్చి ఉంటాయి. కాబట్టి ఆరిన బట్టల వేడిని చూసి నీటి హీటరు బాగుందని అనుకోకూడదు.

అసలు లోపం ఉన్నదో లేదో ముందు తేల్చుకోవాలి. తక్కువ నిడివి ప్రోగ్రాములు నీటిని అంతగా కాచవు గనుక, బట్టలు వేయకుండా 60 డిగ్రీల కాటన్ ప్రోగ్రాము పెట్టి, ఇంట్లోని ఫ్రిజ్, ఏసీ, గీజరు ఆపి, కరెంటు మీటరుపై మెరిసే చిన్న దీపాన్ని గమనించండి. డ్రమ్ము తిరగడానికి పట్టే కరెంటు కొద్దిపాటిదే; 2000 వాట్ల హీటరు పనిచేయడం మొదలుపెడితే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దీపం గబగబా కొట్టుకుంటుంది. 15 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి లెక్క ప్రకారమే 18 నిమిషాలు పడుతుంది కనుక, అరగంట ఆగిన తరువాతే తలుపు అద్దాన్ని తాకి చూడండి.

దీపం వేగం పెరగకపోతే, స్క్రూడ్రైవరు పట్టేముందు మురుగు గొట్టాన్ని చూడాలి. దాని కొన నేలమీద పడి ఉంటే నీరు నిండుతుండగానే జారిపోతుంది. తొట్టిలో తగినంత నీరున్నట్టు తెలియనిదే యంత్రం హీటరుకు కరెంటు ఇవ్వదు.

గొట్టం సరిగానే ఉంటే ప్లగ్ పూర్తిగా పీకి, నీరు ఖాళీచేసి, వెనక పలకను (కొన్నిటిలో ముందు పలకను) విప్పండి. తీగలు ఉన్న తీరును ఫోటో తీసుకొని, వాటిని ఊడదీసి, హీటరు రెండు కొనల మధ్య మల్టీమీటరు (విద్యుత్ నిరోధాన్ని ఓములలో చూపే పరికరం) పెట్టాలి. 2000 వాట్ల హీటరు సుమారు 26 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగినట్టే. కొనకూ లోహపు ఒంటికీ మధ్య మాత్రం ఏ రీడింగూ రాకూడదు. ఉతుకుతుండగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చి) పడిపోతున్న ఇళ్లలో ఈ పరీక్ష మరీ ముఖ్యం, అయితే వేడెక్కినప్పుడే లీకయ్యే హీటరు మామూలు మల్టీమీటరుకు దొరకకపోవచ్చు. బోరు నీరు వాడేచోట హీటరుపై సున్నపు పెచ్చు కట్టి, వేడి నీటిలోకి పోలేక తీగ లోపలే మాడిపోతుంది. పెచ్చు సంగతి చూడకుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

హీటరు మంచిదై, దీపం కాసేపే వేగంగా మెరిసి ఆగిపోతుంటే ఉష్ణోగ్రత సెన్సరును అనుమానించాలి. దాన్ని విడదీసి గోరువెచ్చని నీటిలో ముంచితే ఓముల విలువ నిలకడగా తగ్గాలి. కదలకుండా ఉన్నా, గెంతులు వేసినా మార్చవలసిందే.

ఇవన్నీ సరిగా ఉన్నాకే యంత్రాన్ని నడిపే బోర్డులోని రిలే (హీటరుకు కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్చి) వంతు వస్తుంది. మెకానిక్కు వచ్చీ రాగానే బోర్డు పోయిందంటే హీటరు ఎన్ని ఓములు చూపిందో అడగండి. కరెంటు ఉండగా బోర్డుపై చేసే పరీక్షను మాత్రం అతనికే వదిలిపెట్టాలి.