హారర్ సినిమాలో హంతకుడెవరో ముందే ఎలా కనిపెట్టాలి?

హంతకుణ్ణి పట్టుకోవాలని కూర్చున్న ప్రేక్షకుడు మామూలుగా ముఖాల వెంట పడతాడు. వీడి చూపు తేడాగా ఉంది, ఆమె నవ్వులో ఏదో ఉంది అంటూ. ఆ చూపూ ఆ నవ్వూ మనల్ని దారి తప్పించడానికి పెట్టినవే అయ్యుంటాయి. అందుకే 'ఎవరు' అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి 'ఎందుకు' దగ్గర మొదలుపెట్టండి. ముఖానికి ముసుగు వేయొచ్చు కానీ, కారణాన్ని పూర్తిగా దాచేస్తే చివర్లో కథ నిలబడదు. కాబట్టి దాని తాలూకు ముక్కలు ముందే ఎక్కడో ఒకచోట వదలక తప్పదు.

ఒక మాట. ఉదాహరణల కోసం 'సైకో' (1960), 'ఫ్రైడే ద థర్టీన్త్' (1980), 'స్క్రీమ్' (1996) సినిమాల గుట్టు ఇక్కడ విప్పేస్తున్నాను. వాటిని చూడాలనుకుంటే ముందు చూసి, తర్వాత ఇది చదవండి.

1. ఇది కనిపెట్టాల్సిన సినిమాయేనా?

'హాలోవీన్' (1978) మొదటి హత్య చేసింది ఆరేళ్ల పిల్లాడని ప్రారంభంలోనే తెలిసిపోతుంది. అలాంటి సినిమాలో బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, హాయిగా భయపడొచ్చు. ముసుగు, చేతి తొడుగులు, మార్చిన గొంతు, హంతకుడి కళ్లతో చూస్తున్నట్టు కదిలే కెమెరా ఉంటే మాత్రం ఒక ముఖాన్ని దాస్తున్నారన్నమాట. అది మనకు అప్పటికే పరిచయమైన ముఖమే అయ్యుండాలి. ఎన్నడూ చూడని మనిషి ముసుగు తీస్తే ఎవరికీ దిమ్మ తిరగదు. డిటెక్టివ్ కథలు రాసిన రోనాల్డ్ నాక్స్ 1929లో పెట్టిన పది నియమాల్లో మొదటిది కూడా ఇదే: నేరస్తుడి ప్రస్తావన కథ మొదట్లోనే రావాలి.

2. పాత గాయం ఎక్కడుందో చూడండి

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ఎన్నో ఏళ్ల కిందటి దుర్ఘటనతో సినిమా మొదలైతే ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. అప్పటి పిల్లలకు ఇప్పుడు ఎన్నేళ్లుంటాయో లెక్కేయండి. ఆ వయసువాళ్లు కథలో ఎవరున్నారు? అక్కడితో ఆగిపోకండి. నష్టపోయినవాడు చనిపోయి ఉంటే, వాడి తరఫున రగిలిపోయేవాళ్లు ఎవరు మిగిలారు?

'ఫ్రైడే ద థర్టీన్త్' దీనికి మంచి పాఠం. వేసవి శిబిరంలో 1957లో ఒక పిల్లాడు మునిగిపోయాడని కథలో మాటల మధ్య వినిపిస్తుంది. ఆ మరుసటి ఏడాది అక్కడే రెండు హత్యలు. ఇన్నేళ్లకు శిబిరం మళ్లీ తెరుస్తుంటే హత్యలు మళ్లీ మొదలు. చంపుతున్నది ఆ పిల్లాడి తల్లి. ఆమె తెర మీదికి వచ్చేదే చివర్లో, కాబట్టి నాక్స్ నియమం ప్రకారం ఇది తొండి ఆటే. ముఖాన్ని ఊహించే వీలు లేదు. కానీ 'ఆ పిల్లాడి కోసం పగబట్టేది ఎవరు' అని అడిగిన ప్రేక్షకుడికి జవాబు దొరుకుతుంది. కారణం వైపు నుంచి వెళ్లడంలో లాభం అదే.

పాత దుర్ఘటన ఏదీ కనిపించకపోతే చనిపోయినవాళ్లను కలిపే దారం వెతకండి. అందరూ ఒకే రహస్యం తెలిసినవాళ్లా? ఒకే ఆస్తికి వారసులా? ఒకరు అసలు లక్ష్యమై, మిగతావాళ్లు కేవలం సాక్షులా? హంతకుడు ఒకరిని చంపే వీలుండీ వదిలేస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మరీ పెద్ద ఆధారం అది.

3. పని లేని పాత్రను అనుమానించండి

సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ సరదాగా ఒక సూత్రం చెప్పేవారు: సినిమాలో అనవసరమైన పాత్ర ఉండదు, ఎందుకున్నాడో అర్థం కానివాడే చివరికి అసలువాడు అవుతాడు. అందరూ పరిగెడుతుంటే ఊరికే పక్కన నిలబడే స్నేహితుడు, కథకు సంబంధం లేకుండా రెండు సార్లు కనిపించిన పనివాడు, చిన్న వేషంలో పెద్ద నటుడు. వీళ్ల పేర్లు రాసుకోండి. సంగీతం మోగించి మరీ అనుమానంగా చూపించే మనిషిని మాత్రం జాబితా అడుగున పెట్టండి.

4. ప్రతి హత్యకూ ఎవరెక్కడున్నారు?

కంటికి కనిపించినదాన్ని, ఎవరో చెప్పగా విన్నదాన్ని వేరు చేయండి. 'నేను గదిలోనే ఉన్నాను' అన్న మాట సాక్ష్యం కాదు. ఫోన్‌లో వినిపించిన గొంతూ అంతే. 'స్క్రీమ్'లో హీరోయిన్ ప్రియుడు బిల్లీ పోలీసుల అదుపులో ఉండగా హీరోయిన్‌కు హంతకుడి ఫోన్ వస్తుంది. దాంతో అతని మీద అనుమానం తొలగిపోతుంది. హంతకులు ఇద్దరని, వాళ్లలో బిల్లీ ఒకడన్న ఊహ మనకు రాదు కాబట్టే ఆ మలుపు పనిచేసింది. ఎవరి లెక్కా కుదరకపోతే ఇద్దరిని జతచేసి చూడండి. సినిమా సగంలో నిర్దోషిగా తేలినవాణ్ణి జాబితాలోంచి కొట్టేయకండి. నా అనుమానం ముందు పోయేది వాడి మీదికే.

5. ఒడ్డూ పొడుగూ చూసి తీర్పు చెప్పకండి

'ఆ చేతులు ఆడవాళ్లవి', 'నడక చూస్తే ఫలానావాడే' అని వాదించేవాళ్లుంటారు. పాపం, వాళ్లు చూస్తున్నది తరచుగా ఆ నటుణ్ణే కాదు. 'సైకో'లో చనిపోయిన తల్లి వేషం వేసుకుని హత్యలు చేసే కొడుకు పాత్ర ఆంథొనీ పెర్కిన్స్‌ది. కానీ స్నానాల గది సన్నివేశంలో కత్తి పట్టుకున్నది ఆయన కాదు. ఆ సమయంలో ఆయన న్యూయార్క్‌లో నాటకం రిహార్సల్స్‌లో ఉన్నారు, ఆ వేషంలో మరొకరు నటించారు. అందులో తల్లి గొంతు కూడా ఆయనది కాదు. ఇటలీ దర్శకుడు దారియో అర్జెంటో సినిమాల్లో నల్ల తొడుగుల చేతులు చాలాసార్లు స్వయంగా దర్శకుడివే. 'స్క్రీమ్'లో ఫోన్ గొంతు రోజర్ జాక్సన్ అనే వేరే నటుడిది.

ఎత్తు, చేతులు, గొంతు కన్నా హంతకుడికి తెలిసిన విషయాలు నమ్మదగినవి. ఇంటి వెనక తలుపుకు తాళం సరిగా పడదని ఎవరికి తెలుసు? ఆ రాత్రి ఆమె ఒంటరిగా ఉంటుందని ఎవరితో చెప్పింది?

6. శవం కనిపించని చావును లెక్కలో వేసుకోవద్దు

అరుపు వినిపించి, కెమెరా పక్కకు తిరిగిందా? ఆ మనిషి ఇంకా అనుమానితుడే. కళ్లముందు పొడిచినా సరే, గాయాన్ని ఎవరు పరీక్షించారో చూడండి. 'స్క్రీమ్'లో బిల్లీ హీరోయిన్ ఎదుటే కత్తిపోట్లకు కుప్పకూలతాడు, చివరికి అది ఉత్తుత్తి రక్తమని తేలుతుంది.

7. ఊహను రాసిపెట్టి పరీక్షించండి

సినిమా సగానికి చేరేసరికి ఒక పేరు, ఒక కారణం కాగితం మీద రాయండి. కారణం లేని పేరుకు మార్కులు లేవు. 'పిచ్చివాడు కాబట్టి చంపాడు' అన్నదీ కారణం కాదు, ఎందుకు వీళ్లనే, ఎందుకు ఇప్పుడే అన్నది చెప్పాలి. తర్వాత జరిగే ప్రతి హత్యకూ మీ ఊహ సరిపోతోందా చూడండి. ఒకటి కుదరకపోతే సహాయకుడు ఉండొచ్చు. రెండు మూడు కుదరకపోతే పేరు మార్చేయండి, మొండిపట్టు వద్దు.

కాగితం మడిచి జేబులో పెట్టుకోండి, పక్కవాళ్లకు చెప్పకండి. 'బ్లాక్ క్రిస్మస్' (1974) లాంటి సినిమా ఎదురైతే అది జేబులోనే ఉండిపోతుంది. హంతకుడెవరో అందులో చివరిదాకా చెప్పరు.